రేడియేటర్‌లో తాండూరు బండ

తాండూరు బండ మీద అడుగు పెట్టని మనిషి తెలంగాణలో అరుదు. నీలం, పసుపు ఛాయల్లో దొరికే ఆ నాపరాయి మన వసారాల్లో, బడుల్లో, బస్టాండ్లలో, గుడి ప్రాంగణాల్లో పరుచుకుని ఉంటుంది. అదే రాయి ఎవరూ పరచని చోట, ఎవరికీ కనిపించని చోట కూడా పేరుకుంటోంది. వికారాబాద్, తాండూరు దారుల్లో తిరిగే కార్ల రేడియేటర్లలో, బోరు నీళ్లు పోసిన ప్రతిసారీ ఇంకాస్త గట్టిపడుతోంది. ఒకరోజు ఎండలో, గుట్ట ఎక్కుతుండగా, పిల్లాపాపలతో నిండిన కారు బానెట్ కింద నుంచి ఆవిరి ఎగజిమ్మితే అందరూ ఎండను తిట్టుకుంటారు. అసలు తప్పు చాలాసార్లు ఎండది కాదు. కొన్ని వారాల ముందే మొదలైన చిన్న లీకేజీది. దాన్ని బాగు చేయించకుండా నీళ్లు పోస్తూ నెట్టుకొచ్చిన అలవాటుది.

ఆదివారం వస్తే హైదరాబాద్ కార్లు ఈ దారి పడతాయి. చేవెళ్ల, మన్నెగూడ మీదుగా సుమారు 75 కిలోమీటర్లు వస్తే వికారాబాద్. ఊరు దాటగానే అనంతగిరి గుట్టలు, అనంత పద్మనాభస్వామి ఆలయం, మూసీ పుట్టిన చోటు. ఇంకాస్త ముందుకెళ్తే కోట్‌పల్లి ప్రాజెక్టులో పడవలు. గుట్ట దిగి ధారూరు, పెద్దేముల్ దాటితే వికారాబాద్‌కు 40 కిలోమీటర్ల దూరంలో తాండూరు. పేరుకు పొట్టి ప్రయాణమే అయినా ఇంజిన్‌ను పరీక్షించే పరిస్థితులన్నీ ఇందులో ఉన్నాయి. రద్దీలో పాకుతూ ఊరు దాటడం, నిండా జనంతో ఘాట్ ఎక్కడం, గుంతల రోడ్డు, సిమెంటు లారీల వెనక దుమ్ము.

రేడియేటర్ పనితనం లోపలి కూలెంట్‌కూ బయటి గాలికీ మధ్య ఉన్న వేడి తేడా మీద ఆధారపడుతుంది. కూలెంట్ 95 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. చలికాలం పొద్దున గాలి 15 డిగ్రీలుంటే తేడా 80. మే నెల మధ్యాహ్నం గాలి 43 డిగ్రీలుంటే తేడా 52 మాత్రమే. అంటే అదే రేడియేటర్ వేడిని వదిలించుకునే శక్తి మూడో వంతుకు పైగా పడిపోయింది. పైగా ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కు ముందే ఉంటుంది. ముందు దాని వేడిని మోసుకున్న గాలే రేడియేటర్‌కు చేరుతుంది. ఘాట్‌లో రెండో గేరులో మెల్లగా ఎక్కుతున్నప్పుడు ఎదురుగాలి కూడా ఉండదు, భారమంతా ఫ్యాన్ మీదే. ఇంత జరిగినా ఆరోగ్యంగా ఉన్న కారు తట్టుకుంటుంది, తయారీదారులు ఆ లెక్కతోనే చేస్తారు. తట్టుకోలేనిది లోపల కూలెంట్ తగ్గిన కారు.

మూత బిగించిన నీళ్లు

కారు పుట్టిన కొత్తలో దానికి రేడియేటర్ లేదు. కార్ల్ బెంజ్ 1886లో పేటెంట్ పొందిన మూడు చక్రాల బండిలో ఇంజిన్ చుట్టూ నీళ్లుండేవి, అవి మరిగి ఆవిరై పోయేవి, మళ్లీ పోయాల్సి వచ్చేది. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు ఆ బండిలో వెళ్లింది. నూరు కిలోమీటర్లు దాటిన ఆ దూరం మన హైదరాబాద్ నుంచి తాండూరుకు దాదాపు సమానం. దారి పొడవునా నీళ్ల కోసం ఆగుతూనే వెళ్లింది. లోకం గుర్తుంచుకున్న ఆ తొలి దూరప్రయాణంలో ఇంజిన్ దాహం తీర్చడం కూడా ఒక పెద్ద పని. 1901 నాటి మెర్సిడెస్ కోసం విల్హెల్మ్ మైబాక్ 8,070 చిన్న చదరపు గొట్టాలతో రేడియేటర్ చేశాక నీళ్లు చల్లబడి మళ్లీ ఇంజిన్‌లోకే తిరిగి రావడం స్థిరపడింది. 1927లో అమెరికాలో ఇథిలీన్ గ్లైకాల్‌తో చేసిన ద్రవం మార్కెట్‌లోకి వచ్చింది. ఇవాళ మనం కూలెంట్ అనేది దాని వారసురాలినే.

ఇప్పటి కారులో ఈ ఏర్పాటంతా మూత బిగించి ఉంటుంది. వంటింటి కుక్కర్ లాగే లోపల ఒత్తిడి నిలుస్తుంది కాబట్టి నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు. రేడియేటర్ మూత సుమారు 1 బార్ ఒత్తిడిని పట్టి ఉంచితే మామూలు నీళ్లు 120 డిగ్రీల దగ్గర, సగానికి సగం గ్లైకాల్ కలిపినవి 130 డిగ్రీల దగ్గర గానీ మరగవు. వందల్లో దొరికే ఆ మూతలో రబ్బరు ఎండిపోయినా, స్ప్రింగు సడలినా ఒత్తిడి నిలవదు, చుక్క కారకుండానే ఇంజిన్ మరుగుతుంది. గ్యారేజీలో వేలకు వేలు ఖర్చుపెట్టే ముందు ఈ మూత చూపించుకోమని ఎవరికైనా చెబుతాను.

మూత బిగించిన ఏర్పాటు కాబట్టే ఇంకో మాట గట్టిగా చెప్పవచ్చు. పెట్రోలులాగా కూలెంట్ ఖర్చయ్యే వస్తువు కాదు. ఏళ్ల తరబడి అదే నిలిచి ఉండాలి. రెండు మూడు వారాలకోసారి పోయాల్సి వస్తోందంటే అది ఎక్కడో పోతోంది. ‘ఎండాకాలం కదా, తగ్గుతుందిలే’ అనుకోవడం దగ్గరే ఇంజిన్ చావు మొదలవుతుంది.

ఎక్కడ కారుతుంది?

ఎక్కువసార్లు హోస్ పైపుల దగ్గర. రబ్బరు ఉబ్బి, పగిలి, క్లిప్పు కింద నుంచి ఊరుతుంది. ఇప్పటి రేడియేటర్లలో మధ్యభాగం అల్యూమినియం, రెండు పక్కల తొట్టెలు ప్లాస్టిక్. ఆ అతుకు దగ్గర చీలిక వస్తుంది. ఒకప్పటి అంబాసిడర్ రేడియేటర్ రాగి, ఇత్తడితో చేసింది. చిల్లు పడితే రేడియేటర్ పనివాడు తగరం పోసి అతికేవాడు, మళ్లీ ఏళ్ల తరబడి నడిచేది. ప్లాస్టిక్ తొట్టెకు ఆ వైద్యం లేదు, మార్చుకోవాల్సిందే. ఇక వాటర్ పంపు. దాని సీలు అరిగితే కింద ఉన్న సన్నని రంధ్రం నుంచి కూలెంట్ కారి మరక కడుతుంది. డాష్‌బోర్డు వెనక హీటర్‌కు ఉండే బుల్లి రేడియేటర్ కారితే ముందు సీటు కింద కార్పెట్ తడుస్తుంది, కారంతా తియ్యటి వాసన వస్తుంది, అద్దం లోపల జిడ్డు మంచు పడుతుంది.

అన్నింటికన్నా ప్రమాదమైంది బయట ఒక్క చుక్కా కనిపించని లీకు. ఇంజిన్ బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే గ్యాస్కెట్ దెబ్బతింటే కూలెంట్ సిలిండర్‌లోకి పోయి తెల్లటి పొగగా బయటికొస్తుంది, లేదా ఆయిల్‌లో కలిసి లేత గోధుమ రంగు నురగ కడుతుంది. ఇంజిన్ చల్లారాక కూడా హోస్ పైపు రాయిలా బిగిసి ఉందంటే సిలిండర్ వాయువులు కూలెంట్‌లోకి దూరుతున్నాయని అనుమానించాలి.

ఈ ప్రాంతపు దారులు ఈ లీకులను తొందరపెడతాయి. తాండూరు పరిసరాల్లో నాపరాతి గనులు, పాలిషింగ్ యూనిట్లు, కరణ్‌కోట్‌లోని సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం, వాటికోసం రాత్రింబగళ్లు తిరిగే లారీలు. గుంతల్లో కుదుపులకు రేడియేటర్ బిగింపులు సడలుతాయి, పైపులు ఒరుసుకుంటాయి. రాతిదుమ్ము రేడియేటర్ రెక్కల మధ్య చేరి, వానకు తడిసి, ఆరి గట్టిపడుతుంది. గాలి దూరే సందులు మూసుకుపోతాయి. సర్వీసింగ్ అంటే పైపైన నీళ్లు కొట్టి మెరిపించడం ఒక్కటే కాదు. రేడియేటర్ రెక్కలను వెనక వైపు నుంచి, తక్కువ ఒత్తిడితో కడగమని ఇక్కడి బండ్లవాళ్లు అడిగి మరీ చేయించుకోవాలి.

బోరు నీళ్లు చేసే పని

‘కూలెంట్ ఎందుకు సార్, మా నాయన ట్రాక్టర్‌కు జన్మంత నీళ్లే వోసిండు’ అనేవాళ్లు ఈ జిల్లాలో ఇప్పటికీ చాలామంది. ఆ మాటలో కొంత నిజముంది. వేడిని మోసే గుణంలో ఉట్టి నీళ్లు గ్లైకాల్ కలిపిన నీళ్లకన్నా మెరుగే. కానీ కూలెంట్ చేసే పని అదొక్కటే కాదు. మరిగే స్థాయిని పెంచుతుంది, అల్యూమినియం తినుకుపోకుండా, ఇనుము తుప్పు పట్టకుండా కాపాడుతుంది. వీటికి మించి తాండూరులో ‘నీళ్లు’ అంటే ఏ నీళ్లనేది అసలు సంగతి.

వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని తాండూరు బండ లాంటి సున్నపురాతి పొరల్లోకి దిగి, రాతిని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. అలా కరిగిన కాల్షియం బైకార్బనేట్ బోరులో మన బకెట్‌లోకి వస్తుంది. వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్ విడిపోయి, కాల్షియం కార్బనేట్ మళ్లీ రాయిగా మారి అడుగున పేరుకుంటుంది. నీళ్లు కాచే గిన్నెలో, గీజర్‌లో కనిపించే తెల్లటి పొర అదే. అల్యూమినియంతో పోలిస్తే ఈ పొర వేడిని దాదాపు వందో వంతే తనలోంచి పోనిస్తుంది. రేడియేటర్ సన్నని గొట్టాల్లో, సిలిండర్ల చుట్టూ ఉండే నీటి దారుల్లో అది కూర్చుంటే లోపల నీళ్లున్నా వేడి కదలదు.

ఒక లెక్క చూడండి. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కాఠిన్యం గరిష్ఠ పరిమితి లీటరుకు 600 మిల్లీగ్రాములు. లీకు లేని కారులో ఆ నీళ్లు 5 లీటర్లు ఒక్కసారి పోస్తే లోపలికి చేరేది 3 గ్రాముల రాయి. అంతటితో ఆగుతుంది. లీకు ఉన్న కారులో రెండ్రోజులకో లీటరు చొప్పున పోస్తూ పోతే ఏడాదికి 180 లీటర్లు దాటుతుంది. దాంతోపాటు 100 గ్రాములకు పైగా రాయి. అందులో సగమే పేరుకున్నా సన్నని గొట్టాలు పూడిపోవడానికి చాలు. లీకు వల్ల పోయిన నీళ్లకన్నా లీకు పేరు చెప్పి పోసిన నీళ్లే ఇంజిన్‌కు ఎక్కువ కీడు చేస్తాయి. ఇది ఈ ప్రాంతంవాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాల్సిన సంగతి.

కాబట్టి డిక్కీలో బోరు నీళ్ల క్యాను కాకుండా కారు పుస్తకంలో చెప్పిన కూలెంట్ లీటరు, బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ రెండు లీటర్లు ఉంచుకోండి. కూలెంట్‌ను రంగు చూసి కొనకండి. ఆకుపచ్చ, గులాబీ, నారింజ రంగులు కంపెనీ ఇష్టం, వాటికి ఒకే కొలమానం లేదు. వేర్వేరు రకాలు కలిస్తే తుప్పును ఆపే మందులు ఒకదాన్నొకటి దెబ్బతీసుకోవచ్చు. దారిలో ఏదీ దొరకనప్పుడు సీసాల్లో అమ్మే ప్యూరిఫైడ్ నీళ్లు పోయడం బోరు నీళ్లకన్నా ఎన్నో రెట్లు నయం.

ముల్లు చెప్పని నిజం

టెంపరేచర్ ముల్లు మీద మనకున్న నమ్మకం ఇంజిన్లను బలి తీసుకుంటోంది. చాలా కార్లలో ముల్లు మామూలు వేడి నుంచి ఇంకాస్త పైదాకా కదలకుండా నడిమినే నిలిచేలా అమర్చి ఉంటుంది. అది పైకి లేచిందంటే అప్పటికే ఆలస్యం అయినట్టు. కొన్ని చిన్న కార్లలో ముల్లే లేదు. చల్లగా ఉన్నప్పుడు నీలం దీపం, మరిగితే ఎర్ర దీపం, అంతే.

ఇంతకన్నా ఘోరం ఇంకోటుంది. వేడిని కొలిచే సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. పైపు పగిలి కూలెంట్ అంతా ఒక్కసారిగా పోతే సెన్సర్ చుట్టూ మిగిలేది గాలీ ఆవిరీ. అప్పుడు ముల్లు పైకి లేవకపోవచ్చు, కిందికి కూడా పడవచ్చు. డ్రైవరు ‘చల్లబడింది’ అనుకుని తొక్కుతాడు. అటు హెడ్ కాలిపోతుంటుంది. అందుకే ముల్లుతో పాటు ముక్కునూ చేతినీ నమ్మాలి. తియ్యటి వాసన, ఉన్నట్టుండి ఏసీ గాలి వెచ్చబడటం, ఘాట్‌లో బండి లాగకపోవడం, ఇంజిన్‌లో టకటక చప్పుడు. వీటిలో ఏది తోచినా ఆగాలి.

ఎక్కడ ఆగాలన్నది కూడా ప్రాణంతో ముడిపడిన విషయం. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు మీద ఎన్ని ప్రాణాలు పోయాయో ఈ ప్రాంతంవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, తాండూరు డిపో బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. అలాంటి దారిలో రోడ్డు మీదే బండి నిలిపి బానెట్ ఎత్తడం ఇంజిన్ చెడిపోవడం కన్నా పెద్ద ముప్పు. నాలుగు దీపాలూ వెలిగించి, బండిని పూర్తిగా మట్టి అంచుకు దింపి, పిల్లల్ని రోడ్డుకు దూరంగా నిలబెట్టి, వెనక తగినంత దూరంలో ఎర్ర త్రికోణం పెట్టాలి. ఘాట్ మలుపులో మాత్రం ఆపకూడదు. కనిపించే తిన్నటి చోటు వరకు మెల్లగా పోనివ్వాలి. జాతీయ రహదారి మీదైతే 1033కు, ఎక్కడైనా 112కు ఫోన్ చేయవచ్చు.

ఆ చోటు చేరేలోపు చేయాల్సింది ఏసీ కట్టేసి, హీటర్‌ను పూర్తి వేడిలో, పూర్తి వేగంలో తిప్పడం. మే నెలలో కారు లోపల అది నరకమే, కానీ ఆ బుల్లి రేడియేటర్ ఇంజిన్ వేడిలో కొంత లాగేస్తుంది. ఇంకో గుట్టు కూడా చెబుతుంది. ముల్లు పైన ఉండి హీటర్ గాలి చల్లగా వస్తోందంటే లోపల కూలెంట్ తిరగడం లేదు. వెంటనే ఇంజిన్ ఆపేయాలి. ఆవిరి కనిపించినా, కింద ధార కట్టినా అంతే. కారడం లేదు, ఫ్యాన్ తిరుగుతోంది, ఉట్టి ఘాట్ వేడే అనిపిస్తే మాత్రం రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే ముల్లు దిగుతుంది. దిగకపోతే ఆపేయడమే.

ఆ తర్వాత ఓపిక పట్టాలి. మూత ముట్టకూడదు. 100 డిగ్రీలు దాటి, ఒత్తిడి వల్ల ద్రవంగా ఉన్నదాంట్లో కొంత, మూత తిప్పగానే క్షణంలో ఆవిరవుతుంది. ఒక లీటరు నీరు పూర్తిగా ఆవిరైతే దాదాపు 1,600 లీటర్ల చోటు కావాలి. అది ముందు తాకేది వంగి చూస్తున్నవాడి ముఖాన్నే. గుడ్డ వేసి తిప్పితే ఏం కాదని చెప్పేవాళ్ల మాట వినకండి. కనీసం అరగంట, ఎండలో ఇంకా ఎక్కువసేపు, పై హోస్ పైపు చేత్తో పట్టుకునేంత చల్లబడేదాకా ఆగాలి. ఇంజిన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరించడం, కాగిన ఇంజిన్‌లో చల్లని నీళ్లు ఒక్కసారిగా పోయడం రెండూ తప్పే. వేడి లోహం పగులుతుంది.

‘నీళ్లు వోసి పోనియ్యండి సార్, ఊర్లె జూసుకోవచ్చు’ అని దారిన పోయేవాళ్లు చెప్పే మాటలో ప్రేమ ఉంది, గానీ లెక్క లేదు. అల్యూమినియం వేడికి పోత ఇనుము కన్నా రెట్టింపు వ్యాకోచిస్తుంది. అల్యూమినియం హెడ్ మితిమీరి కాగితే వంకర పోతుంది. చాలా కార్లలో హెడ్ అడుగుభాగానికి తయారీదారు ఒప్పుకునే వంకర 0.05 మిల్లీమీటర్ల దగ్గరే. అది దాటితే హెడ్ దింపి లేత్‌కు పంపాలి, కొత్త గ్యాస్కెట్ వేయాలి. పిస్టన్ పట్టేస్తే మొత్తం ఇంజిన్ పనే. హోస్ పైపు, క్లిప్పు వందల్లో అయ్యే ఖర్చు. హెడ్ పని పదుల వేలు దాటుతుంది. ఈ రెంటికీ మధ్య తేడా చాలాసార్లు ఆ చివరి నాలుగైదు కిలోమీటర్లే.

బీమా ఆదుకుంటుందనుకుంటే అదీ కష్టమే. మన దేశంలో మామూలు మోటారు పాలసీ యాంత్రిక లోపాలను భరించదు. బండి ఆగిపోయాక మరమ్మతు చేయించకుండా నడిపితే అదనంగా జరిగే నష్టమంతా యజమానిదేనని అందులో రాసి ఉంటుంది. టోయింగ్‌కు డబ్బు పెట్టడం బాధగానే ఉంటుంది, అయినా లీకు ఉన్న బండిని లాగించుకుని వెళ్లడమే చవక.

గ్యారేజీలో అడగాల్సినవి

మన మెకానిక్‌ల చేతి నైపుణ్యం మీద నాకు ఎంతో గౌరవం. తెలుగు, ఉర్దూ, కన్నడం కలగలిసిన తాండూరు గ్యారేజీలో చప్పుడు విని జబ్బు చెప్పేవాళ్లున్నారు. అయితే పాత ఇంజిన్ల కాలం నాటి కొన్ని చిట్కాలు కొత్త వాటికి చేటు. రేడియేటర్‌లో పసుపు వేసి చిల్లు మూయడం అలాంటిదే. పసుపు చిల్లుతో పాటు సన్నని గొట్టాలనూ, హీటర్ దారినీ పూడుస్తుంది. థర్మోస్టాట్ వాల్వ్ తీసేస్తే ‘బండి చల్లగుంటది’ అనేది ఇంకోటి. ఉండాల్సిన వేడికి చేరని ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. ఫ్యాన్‌ను డైరెక్ట్ చేసి స్విచ్ పెడితే జబ్బు అలాగే ఉండి, దాని గుర్తు ఒక్కటే మాయమవుతుంది. ఇవి వద్దనండి. పంపుతో ఒత్తిడి పెట్టి లీకు ఎక్కడో చూపించమని, మూతను కూడా పరీక్షించమని, మళ్లీ నింపేటప్పుడు లోపలి గాలి పూర్తిగా తీయమని అడగండి. గాలి బుడగ మిగిలితే కొత్త రేడియేటర్ వేసినా ఇంజిన్ కాగుతుంది.

తీసేసిన పాత కూలెంట్‌ను కాలువలో, పొలం గట్టున పారబోయనివ్వకండి. ఇథిలీన్ గ్లైకాల్ విషం, రుచికి తియ్యగా ఉంటుంది. కుక్కలు నాకుతాయి, పిల్లలు వేలు పెట్టి చూస్తారు. అనంతగిరి మీద పారబోసింది మూసీ మొదటి నీళ్లలో కలుస్తుంది.

ఈ దారిలోని పెట్రోలు బంకుల యజమానులకు ఒక విన్నపం. చక్రాలకు గాలి పెట్టే చోట బోరు నల్లా పక్కనే డిస్టిల్డ్ వాటర్ సీసాలు అమ్మకానికి పెట్టండి. రేడియేటర్‌లో పోయడానికి అవే వాడమని తెలుగులో, ఉర్దూలో ఒక బోర్డు రాయించండి. వికారాబాద్ జిల్లా అధికారులు ఘాట్ మొదట్లోనూ పైనా బండ్లు భద్రంగా పక్కకు నిలిపే చోటు చూపిస్తే సెలవు రోజుల్లో ప్రమాదాలు తగ్గుతాయి.

మీరు వచ్చే ఆదివారం అనంతగిరికి బయల్దేరుతుంటే శనివారం రాత్రే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి కూలెంట్ సీసా చూడండి. మట్టం కింది గీత దగ్గరుంటే నింపండి, పక్కన తేదీ రాసుకోండి. నెల తిరగకుండా మళ్లీ తగ్గితే గుట్ట ప్రయాణం వాయిదా వేసి, ముందు మెకానిక్ దగ్గరికి వెళ్లండి.